పదకొండు పల్లవులు

నేను స్వతంత్ర సంగీత కళాకారుణ్ణి. విజిటింగ్ కార్డు మీద అలాగే అచ్చేయించాను. స్వతంత్ర అంటే ఎవరూ పిలవని అని మా ఆవిడ చెప్పే అర్థం. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మాటలు కూడా సూది వేసినట్టే ఉంటాయి, నొప్పి తెలిసేలోపు పనైపోతుంది.

నాకు బాగా వచ్చిన విద్య లక్ష్యాలు రాసుకోవడం. అబద్ధమెందుకు, గిటారు కూడా కాస్త వచ్చు, సాయంత్రాలు నలుగురు పిల్లలకి నేర్పుతాను. కానీ లక్ష్యాల్లో మాత్రం నాది తిరిగిన చెయ్యి. బీరువా తలుపుకి అట్ట అంటించి, ఐదేళ్లవి పచ్చ స్కెచ్ పెన్నుతో, ఏడాదివి నీలంతో, ఈ నెలవి ఎర్రతో రాస్తాను. స్కేలు పెట్టి గీతలు కొడతాను. ఎప్పటికైనా రాబోయే ఆల్బమ్‌కి ముఖచిత్రం గీశాను. పత్రికలవాళ్లు వస్తే చెప్పాల్సిన జవాబులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. "విజయం నన్నేమీ మార్చలేదండీ" అన్నది బాగా కుదిరింది.

ఇంత హడావుడిలో పాట పూర్తి చేసే తీరిక ఎక్కడిది? తొమ్మిదేళ్లలో పదకొండు పల్లవులు కట్టాను. చరణం ఒక్కటీ లేదు. పల్లవి కుదరగానే ఒళ్లు పులకరించి, ఇక మనకి తిరుగులేదనుకుని, నేరుగా అట్ట దగ్గరికి పోయి కొత్త లక్ష్యం రాసుకునేవాణ్ణి.

నవ్వులాట పక్కన పెడితే, ఈ పిచ్చి వల్ల నష్టపోతున్నది మా ఆవిడ. దూరపు ఊళ్లో వాళ్లదే ఇంకో ఆసుపత్రికి హెడ్ నర్సుగా వెళ్లమని పైవాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ నేనే అడ్డుపడ్డాను. "ఈ ఒక్క ఏడాదీ ఆగు, నాకు ఇప్పుడిప్పుడే ఇక్కడ పేరొస్తోంది" అన్నాను. పాపం, ఆగింది. మూడోసారి అడిగినప్పుడు సోమవారంలోగా జవాబు కావాలన్నారు, ఇదే ఆఖరిసారని కూడా చెప్పారు.

"ఆదివారం సాయంత్రం నా కచేరీ ఉంది కదా. అది చూసి ఏదో ఒకటి అనుకుందాం" అన్నాను. లైబ్రరీ హాల్లో గంటసేపు, అన్నీ సొంత పాటలే. ఆ ఏడాది లక్ష్యాల్లో మొదటిది అదే.

"సరేనండీ" అంది.

హాల్లో పందొమ్మిది మంది కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరు పేపరు చదువుకోవడానికి వచ్చి, మధ్యలో లేవడానికి మొహమాటపడ్డవాళ్లు. ముందు వరసలో మా ఆవిడ, పక్కన మా మామగారు. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. బండి కదిలాక ఊరు చేరకపోతే ఆయనకి నిద్రపట్టదు.

ఒక్కో పల్లవినీ నాలుగైదుసార్లు తిప్పి తిప్పి పాడినా ఇరవై నిమిషాలకి సరుకైపోయింది. పాట ఎక్కడ అయిపోయిందో తెలియక జనం చప్పట్లు కూడా అనుమానంగానే కొట్టారు. నేను మంచినీళ్లు తాగుతూ కాలక్షేపం చేస్తుంటే మామగారు చెయ్యెత్తారు.

"అల్లుడుగారూ, ఆ మూడో పాటలో అతను వానలో తడుస్తూ తలుపు కొడతాడు కదా. ఇంతకీ ఆవిడ తీసిందా, లేదా?"

"అది మీ ఊహకే వదిలేశాను మామయ్యగారూ."

"ఊహించుకునేదానికి ఇంట్లోనే కూర్చునేవాళ్లం కదండీ. మీరేమనుకున్నారో చెప్పండి."

అద్దం ముందు వల్లించిన జవాబులన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. గ్లాసు కింద పెట్టి, "నాకూ తెలీదండీ. అక్కడిదాకే రాశాను" అన్నాను.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్లుగా పాటలోని ఆ మనిషిని వానలో నిలబెట్టి నేను ఐదేళ్ల ప్రణాళికలు వేసుకుంటున్నాను. చరణం రాస్తే అది బాగోకపోవచ్చు, అప్పుడు నా సంగతి నలుగురికీ తెలిసిపోతుంది. నా భయమంతా అదే. దానికోసం మా ఆవిణ్ణి రెండుసార్లు ఆపాను.

ఇంటికి నడిచొస్తూ, దారి పొడుగునా నా త్యాగానికి తగిన మాటలు కూర్చుకున్నాను. చెప్పులు విడిచాక గొంతు సవరించుకున్నాను.

"రేపు వెళ్లి ఒప్పుకున్నానని చెప్పెయ్. ఇంక నాకోసం ఆగొద్దు. నేనూ వస్తాను."

ఆవిడ కళ్లు చెమరుస్తాయని చూశాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కాళ్లు ఒత్తుకుంది.

"శుక్రవారమే సంతకం పెట్టి ఇచ్చేశానండీ. కచేరీ ముందు మీ మనసు పాడుచెయ్యడమెందుకని చెప్పలేదు."

"మరి నేను రానని అనుంటే?"

"ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. మీరొస్తే రెండు గదుల క్వార్టరు, రాకపోతే హాస్టల్లో మంచం. రెండిటికీ పేరిచ్చాను. ఏది కావాలో రేపు చెప్పాలి."

కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఇంకా నాకోసం ఒక చోటు అడిగి ఉంచింది.

"రెండు గదులని చెప్పు" అన్నాను.