తడి గోనె ముక్కలు

నాగాయలంకలోని మా షెడ్డు నుంచి బతికున్న మండపీతలను విమానంలో సింగపూర్ పంపుతాం. నిన్న పొద్దున పెట్టెల్లో తడి గోనె ముక్కలు పరుస్తున్న మస్తానమ్మ గారి మీద విసుక్కున్నాను, బరువు పెరుగుతుంది తీసేయమని. తీరా చెన్నైలో విమానం ఆలస్యమై పెట్టెలు పది గంటలు అక్కడే ఉండిపోయాయి. ఇక పీతల మీద ఆశ వదిలేసుకున్నాను.

ఈ మధ్యాహ్నం సింగపూర్ వ్యాపారి ఫోన్ చేసి, అన్నీ బతికే ఉన్నాయన్నాడు. వెళ్లి మస్తానమ్మ గారిని అడిగాను, ఎలా బతికాయని. పీత డెక్కలకు తాడు కడుతూ తలెత్తకుండానే చెప్పింది.

"మీరు చూస్తున్నప్పుడు తీశానండి. మీరు లోపలికెళ్లాక మళ్లీ పెట్టాను. అంత దూరం వెళ్లే జీవాల్ని పొడి పెట్టెలో ఎట్టా పంపిస్తామండీ?"

దండం పెట్టాను. ఇది చదివే మీ దగ్గరా ఇలా మాట వినని మనుషులుంటే చెప్పండి. ఇకమీదట నా మాట వినొద్దని ఆవిడకు చెప్పి వచ్చాను. అదైనా వింటుందో లేదో.