ఎర్రంచు మొగ్గలు

పూల ప్రదర్శనల్లో తొమ్మిది షీల్డులు గెలిచిన తోటమాలి తోటమ్మ ఆ బుధవారం పొద్దున ఆసుపత్రి వరండాలో ఒక కుండీ ముందు చతికిలబడి మొగ్గలు లెక్కపెట్టింది. పదకొండు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. కొమ్మలూ పదకొండే. అంటే మొగ్గ తొడగని కొమ్మ ఒక్కటీ లేదన్నమాట.

డయాంథస్ పూలమొక్కలు పెంచేవాళ్ళకు ఆ మాట వింటేనే గుండె జారుతుంది. తెలియనివాళ్ళకు చెప్పాలి. ఆ మొక్కను నిలుపుకోవాలంటే పూత పట్టని పిలకను కణుపు దగ్గర తుంచి ఇసుకలో గుచ్చాలి. మొగ్గ తొడిగిన కొమ్మను గుచ్చితే వేరు పట్టదు. కొమ్మలన్నీ ఒక్కసారే మొగ్గ తొడిగితే మొక్క తన సత్తువంతా పూలకే ధారపోసి, పూలతో పాటు తానూ ఎండిపోతుంది. పోతే పోయిందిలే, ఇంకోటి ఉందిలే అనుకోవడానికి లేదు. ఆ రకానికి మిగిలింది ఆ కుండీలో ఉన్న మొక్క ఒక్కటే.

ఆ రకానికి ఎర్రంచు అని పేరు పెట్టింది తోటమ్మే. ఒత్తైన తెల్లని రేకులు, రంపంతో కోసినట్టు అంచులు, ఆ కోత వెంబడి వెంట్రుకంత ముదురెరుపు గీత. ముక్కు దగ్గర పెట్టుకుంటే లవంగం వాసన. పద్నాలుగేళ్ళ కింద బట్టలుతికే గది గోడవార, రెండు ఇటుకల సందులో తనంతట తానే మొలిచింది. ఇంకొకరైతే కలుపనుకుని పీకేసేవారు. తోటమ్మ ఇటుకే తీయించింది.

ఆమె చదివింది ఊరిబళ్ళో ఐదో తరగతి. ఈ ఆసుపత్రిలో అడుగుపెట్టేనాటికి తోట ఉండవలసిన చోట విరిగిన మంచాలు, తుప్పు పట్టిన బకెట్లు ఉండేవి. ఆ నేలను తవ్వి, జల్లెడ పట్టి, సున్నం కలిపి దారికి తెచ్చింది ఆమె. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె చేతి మీదుగా వెళ్ళిన నారు ఊళ్ళోని ప్రతి బడి ముందూ పూసింది. విత్తనాల పాకెట్ మీద బొమ్మ చూసి ఆమె ఏ రకమూ కొనలేదు. ఎక్కడో పూసిన మొక్కను కళ్ళారా చూసి, కాడ వంచి చూసి, వానలో తడిశాక మళ్ళీ వెళ్ళి చూసి గానీ తెచ్చేది కాదు. బాట అంచుకు జానెడు ఎత్తు దాటని పొట్టివి. వార్డుల్లో గాజుగ్లాసులకు పొడుగు కాడలవి. పువ్వు కింది పచ్చని గొట్టం చీలి రేకులు పక్కకు జారిపోయే రకమైతే, దాని రంగు ఎంత గొప్పదైనా పీకి అవతల పారేసేది. పెద్ద డాక్టరు తన ఇంటి కుండీలకు ఏం వెయ్యాలో ఆమెను అడిగి వేసేవాడు. ఇవన్నీ ఆ తొమ్మిది షీల్డుల మీద రాసి ఉండవు కాబట్టి ఇక్కడ రాయడం.

ఈ ఏడు పూల ప్రదర్శనలో కొత్త విభాగం పెట్టారు. సొంతంగా తీసిన రకం. నెగ్గితే ఆ రకం పేరు, తీసినవాళ్ళ పేరు ప్రదర్శన జరిపే సంఘం పుస్తకంలో శాశ్వతంగా రాస్తారు. తోటమ్మ స్వయంగా వెళ్ళి కాగితం నింపి వచ్చింది. పూలు ఇంకాస్త పెద్దవి కావాలని, మడిలో ఉన్న పదహారు ఎర్రంచులకూ ఆకుఎరువు మొదళ్ళు కప్పేలా మెడ దాకా ఎగదోసింది. ఆమె కింద తోటపని చేసే కోడలు చూసి, అంత పైకి కప్పకండి అత్తయ్యా, దీనికి మెడ దగ్గర గాలాడాలి అంది. నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్న పని నాకు నేర్పకు అంది తోటమ్మ. ఆ వారమే మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పట్టుకుంటే పదహారూ చేతిలోకి ఊడి వచ్చేశాయి. మొదళ్ళు నల్లగా కుళ్ళిపోయాయి. ఎరువు చాలక వదిలేసిన ఈ కుండీ, వరండా చూరు కింద ఉండి బతికింది. కోడలు కుళ్ళిన మొక్కలు ఏరి గంపలో వేసుకుపోయింది. నేను చెప్పలేదా అని ఉంటే తోటమ్మకు కాస్త తేలికగా ఉండేది.

ఇప్పుడు ఆ కోడలే కుండీకి అవతలి పక్కన కూర్చుంది.

"మొగ్గలన్నీ ఇవాళే తుంచేస్తే అడుగు నుంచి పిలకలు రావచ్చు అత్తయ్యా."

"రావచ్చా, వస్తాయా?"

"రావచ్చు."

"ఆదివారం సాయంత్రం తుంచుదాం. ప్రదర్శన అయిపోతుంది."

"అప్పటికి పదకొండూ విచ్చుకుంటాయి. ఇక దీంట్లో ఏం మిగులుతుంది? కింది ఆకులు చూడండి."

తోటమ్మ చూడలేదు. చూడకపోయినా తెలుసు, పసుపు తిరుగుతున్నాయని. విత్తనం దారి ఆమె ఎప్పుడో మూసేసింది. నాలుగేళ్ళు విత్తి చూస్తే ఒకటి గులాబీ, ఒకటి ఎరుపు, ఒకటి ఒంటిరేక. ఎర్రంచు మాత్రం రాలేదు.

లేచి, చేతులైనా కడుక్కోకుండా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి తోటమాలిని అందరూ కళ్ళజోడు అంటారు. మూడేళ్ళ కింద ప్రదర్శన పందిట్లో పదిమంది ముందు, నా ఎర్రంచు పిలక తెంపుకుపోయావు అని తోటమ్మ అతన్ని కడిగేసింది. అతను అప్పుడు, నేను తియ్యలేదు అని ఒక్క మాట చెప్పి తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాటల్లేవు. ఇప్పుడు ఆమె అతని ముందు నిలబడి, ఆ రోజు తన మాటే నిజమై ఉంటే బాగుండునని కోరుకుంటోంది.

జరిగింది చెప్పి అడిగింది. "నిజం చెప్పు. తీసుకెళ్ళావా? తీసుకెళ్ళి ఉంటే నేనేమీ అనను. నీకు దండం పెడతాను."

కళ్ళజోడు చేతిలోని గునపం నేలకు ఆనించాడు. "తీసి ఉంటే ఇప్పుడే తెచ్చి నీ చేతిలో పెట్టేవాణ్ణి అక్కా. తియ్యలేదు. అప్పుడూ తియ్యలేదనే చెప్పాను."

తోటమ్మకు తల కొట్టేసినట్టయింది. తప్పయిపోయింది అని మాత్రం అనగలిగింది. అతను గునపం ఎత్తి మళ్ళీ తవ్వసాగాడు. ఆమె గేటు దాకా వెళ్ళాక వెనక నుంచి, పుస్తకం వచ్చే ఏడు కూడా ఉంటుందక్కా అన్నాడు.

వచ్చే ఏడు. తోటమ్మకు డెబ్బై ఒకటి. తిరిగొచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది, కొన మొగ్గ పగిలి లోపలి తెలుపు తొంగి చూస్తోంది. రేపటికి విచ్చేది. ఆమె చిన్న కత్తెర తీసింది. మొదటి మొగ్గ కోసి ఆగింది. కోడలు బకెట్ దగ్గరికి జరిపింది గానీ కత్తెర అందుకోబోలేదు. మిగిలిన పది వరసగా కోసింది తోటమ్మ. విచ్చబోయినదాన్ని చివర కోసి, వాసన కూడా చూడకుండా మిగతావాటితో పాటు బకెట్‌లో వేసింది. ఆదివారం పందిట్లో ఆమె పేరున్న చీటీ ముందు బల్ల ఖాళీగా ఉందని, ఎవరో నవ్వారని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. ఆమె ఆ పూట నారుమడిలో కలుపు తీసింది.

పన్నెండు రోజులు కుండీలో ఉలుకూ పలుకూ లేదు. ఆకులు ఇంకొన్ని పసుపయ్యాయి. తోటమ్మ రోజుకు నాలుగుసార్లు మట్టిలో వేలు పెట్టి తడి చూసేది. ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా ధ్యాస కుండీ మీదే. పదమూడో రోజు మొక్క మొదలు దగ్గర బియ్యపు గింజంత పచ్చని మొన కనబడింది. తర్వాత ఇంకో రెండు. నెల దాటాక మూడు పిలకలూ వేలెడయ్యాయి. మిగతా మొక్క ఎండిపోతోంది. ఇక ఆగడానికి లేదు.

కణుపు దగ్గర పట్టి లాగాలి. నలిగితే కుళ్ళుతుంది. తోటమ్మ పిలకను పట్టుకుంది. కాడ ఎంత లేతగా ఉందో వేళ్ళకు తెలిసింది. వదిలి, మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

"నువ్వు తీయమ్మా," అంది.

కోడలు మూడూ తీసింది. ఇసుకలో గుచ్చి, మీద గాజుసీసాలు బోర్లించింది. వారం తిరక్కుండానే ఒకటి నల్లబడింది. రెండు మిగిలాయి. పచ్చగానే ఉన్నాయి గానీ, వేరు లేకపోయినా కొన్నాళ్ళు అలా పచ్చగా ఉండి మోసం చేస్తాయి. ఇరవై నాలుగో రోజున కోడలు సీసాలు తీసి, మొదటిదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగింది. వేరు లేకపోతే ఊడి వచ్చేస్తుంది. తోటమ్మ ఇసుక వంకే చూస్తోంది.

పిలక కదల్లేదు. రెండోదాన్ని లాగింది. అదీ రాలేదు.

"ఇంకోసారి లాగు," అంది తోటమ్మ.

"వద్దత్తయ్యా. వేరు పట్టుకుంది."