ఎవరూ పడని నూట నలభై రోజులు

మా టీచరమ్మకు నా కూతురి వయసు ఉంటుంది. మాలాంటి ముసలివాళ్ళు కాలుజారి పడకుండా చూడడం ఆవిడ ఉద్యోగం. అంతకుముందు పదకొండేళ్ళు ఎముకల వార్డులో ఆయాగా చేసింది. తుంటి విరిగి మంచమెక్కినవాళ్ళకు పక్కలు మార్చీ మార్చీ, వీళ్ళను ఇక్కడికి రాకముందే పట్టుకోవాలనుకుని, సాయంత్రాలు చదివి, పరీక్ష రాసి ఈ పనిలో చేరింది. మంగళ, శుక్రవారాల్లో లైబ్రరీ మేడమీది హాల్లో మా పద్నాలుగు మందికీ క్లాసు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవాలి. మడమకు వేళ్ళు తగిలేలా గీత మీద నడవాలి. మిగతా రోజుల్లో ఇళ్ళకు వచ్చి, కాళ్ళకింద జారిపోయే తివాచీలు చుట్టించి అటకెక్కించేది, వెలగని బల్బులు మార్పించేది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, పని తెలిసిన మనిషిని ఇట్టే గుర్తుపడతాను. ఆవిడకు పని తెలుసు.

ఆ పనిని భ్రష్టు పట్టించింది గోడమీది బోర్డు. ఆఫీసు నుంచి వచ్చే సూపర్‌వైజర్ తగిలించాడు. పైన "ఎవరూ పడకుండా గడిచిన రోజులు" అని రాసి ఉంటుంది, కింద రోజుకొకటి మార్చే అంకెలు. ఊళ్ళో ఉన్న ఆరు క్లాసులకూ అలాంటివే, వాటి మధ్య పోటీ. ఆ మహానుభావుడికి మా మోకాళ్ళతో పనిలేదు. వచ్చినప్పుడల్లా మమ్మల్ని దాటుకుని నేరుగా బోర్డు దగ్గరికి పోయి ఫోటో తీసుకునేవాడు.

పడ్డానని మొదట చెప్పిన మనిషి, బట్టలు కుట్టే పెద్దావిడ. మెట్టు దిగుతూ పడింది, పెద్ద దెబ్బేమీ తగల్లేదు. టీచరమ్మ రిజిస్టర్లో రాసుకుంది, బోర్డు మీది అంకె మళ్ళీ సున్నాకు వచ్చింది. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా ఆవిడ క్లాసుకు రాకూడదని. ఆ కాగితం చూసి కోడలు బెదిరిపోయి ఆవిణ్ణి గడప దాటనివ్వలేదు. టీచరమ్మ రెండుసార్లు ఆఫీసుకు తిరిగింది. గోడకు చెప్పుకున్నట్టయింది.

ఆ తర్వాత మాలో ఎవరూ పడలేదు. ప్రతి మంగళవారం ఆవిడ "ఈ వారం ఎవరైనా పడ్డారా?" అని అడిగేది. మేం తేలు కుట్టిన దొంగల్లా కూర్చునేవాళ్ళం. తర్వాత చప్పట్లు కొట్టుకునేవాళ్ళం. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. మాజీ పోస్ట్‌మాన్ మోచేతి మీది కమిలిన మచ్చ కనబడకుండా మండుటెండలో స్వెటర్ తొడుక్కొచ్చాడు. ఎముకల వార్డులో పదకొండేళ్ళు గడిపిన మనిషికి ఆ స్వెటర్ అర్థం కాలేదంటే నేను నమ్మను. ఆవిడ కూడా ఆ అంకెకు అలవాటు పడింది.

ఇక నా నిర్వాకం. మా అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. అక్కకు డెబ్భై ఆరు. ఆమె చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళేది ఈ క్లాసుకే. సోమవారం నుంచే మంగళవారం గురించి మాట్లాడేది. బోర్డు మీద అరవై నడుస్తుండగా స్నానాలగదిలో పడింది.

"చెప్పకురా. చెబితే నన్నూ ఆవిడలాగే ఇంట్లో కూర్చోబెడతారు," అంది.

సరేనన్నాను. రెండోసారి పడ్డప్పుడూ సరేనన్నాను. మూడోసారి ఆమె అడగనే లేదు, నేనే నోరు మూసుకున్నాను. నాలుగోసారికి తుంటి విరిగింది. ఆరోజు బోర్డు మీద నూట నలభై.

టీచరమ్మ ఆసుపత్రికి వచ్చి ముందు అక్క పక్క సరిచేసింది.

"మళ్ళీ నడుస్తానా అమ్మా?" అని అక్క అడిగింది.

"నడిపిస్తాను పెద్దమ్మా. కానీ వాకర్ లేకుండా కష్టం."

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ శుక్రవారం సూపర్‌వైజర్ హాలుకు వచ్చాడు. రిజిస్టర్ తెరిచి అక్క పేరు మీద వేలు పెట్టాడు. "ఈవిడ పోయిన నెలలోనే మానేసినట్టు రాసెయ్యండి. మన లెక్కలోకి రాదు. మీ ఉద్యోగం పర్మనెంట్ అయ్యే టైమిది, చూసుకోండి," అన్నాడు, మేమంతా అక్కడే ఉండగా. వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. కానీ మూడుసార్లు దాచింది వాడు కాదు. అది గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది.

"మొన్న మంగళవారం కూడా ఆవిడ సంతకం పెట్టారండి," అంది టీచరమ్మ.

"సంతకానిదేముంది?"

ఆవిడ బోర్డు గోడమీంచి దింపి అతని చేతిలో పెట్టింది.

"మీ ఇష్టం. పైకి నేను రాయాల్సింది నేను రాస్తాను," అని అతను బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ మా ముందు కూర్చుంది. "ఈ వారం సంగతి కాదు. మొదటినుంచీ ఎవరెవరు పడ్డారో చెప్పండి. చూసీ చూడనట్టు ఊరుకున్నాను, తప్పు నాది కూడా. ఇక ఎవర్నీ పంపించను. పంపించమంటే నేనూ పోతాను."

ముందుగా పోస్ట్‌మాన్ స్వెటర్ చెయ్యి పైకి లాక్కున్నాడు. పన్నెండుమందిలో తొమ్మిది చేతులు లేచాయి. ఎక్కడ, ఏ వేళప్పుడు, కాళ్ళకు ఏమున్నాయి అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నేను పడలేదు. అక్కే. ఇదివరకు మూడుసార్లు."

"ఎక్కడ?"

"మూడుసార్లూ స్నానాలగది గడప దగ్గరే. ఇప్పుడూ అక్కడే."

ఆవిడ పెన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్కడ పట్టుకోవడానికి గోడకి ఓ కడ్డీ బిగిస్తే సరిపోయేది బాబాయ్. అరగంట పని," అని తల వంచుకుని రాసుకుంది.