పడుగు చాపే జాగా మీద నలభై ఫీట్ల రోడ్డు

1962లో నేను ఒక మున్సిపాలిటీలో చైన్‌మన్‌ను. ఊరి పేరు రాయను. నల్లగొండకూ పాలమూరుకూ నడుమ ఉన్న టౌను అనుకోండి, చాలు. ఆనాటి ఆఫీసర్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లతో నాకు తగాదా లేదు. ఉన్న తగాదా నాతోనే.

చైన్‌మన్ అంటే భూమి కొలిచేటప్పుడు గొలుసు పట్టేవాడు. మా గొలుసు ముప్పై మూడు ఫీట్లు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగా ఒక గుంట. ఓవర్సీర్ సాబ్ ఒక చివర నిలబడి చేయి ఊపితే, నేను రెండో చివర పట్టుకొని ముళ్లలోకైనా బురదలోకైనా పోవాలి. కొలిచిన కొలతలను ఆయన అక్కడికక్కడే ఫీల్డ్ బుక్కులో ఎక్కించేవాడు. పదేళ్లు ఆ పుస్తకాన్ని మోశాను కానీ అందులో ఏముందో నాకు తెలియదు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆఫీసులో తప్ప ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

టౌనుకు తూర్పున సాలెవాడ. పదకొండు ఇళ్లు, ఇంటికో మగ్గం. వాడ ముందు పొడుగాటి ఖాళీ జాగా, అందులో వరసగా పాతిన వేప గుంజలు. వాళ్లు పడుగు చాపేది అక్కడే. పడుగు అంటే బట్టలో నిలువుగా నడిచే దారాలు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని బయట బారుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. పొద్దున గాలి లేవకముందే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. గంజి తడి ఆరకముందు కదిలిస్తే దారానికి దారం అంటుకుపోతుంది. ఇక ఆ పడుగు దేనికీ పనికిరాదు. మూడు తరాలుగా ఆ జాగా వాళ్లదే. రికార్డులో మాత్రం సర్కారీ జాగా.

సాలెవాడ అవతల, మున్సిపల్ హద్దు దాటి, ఉద్యోగస్తులూ వకీళ్లూ కలిసి ఇళ్ల కోసం భూమి కొన్నారు. ప్లాట్లు చేసి లేఅవుట్ గీయించారు. లేఅవుట్ అంటే ఏ ఇల్లు ఎక్కడ, ఏ తొవ్వ ఎక్కడ అని చూపే నక్షా. హద్దు బయట కాబట్టి నల్లా, వీధి దీపాలు మున్సిపాలిటీ ఇవ్వదు. అందుకని ఆ భూమంతా ఒక ప్రత్యేక అభివృద్ధి ప్రాంతం చేయమని అర్జీ పెట్టుకున్నారు. ప్లాట్ల వాళ్లే వేరే పన్ను కడతారు, ఆ పన్ను అక్కడే ఖర్చు చేయాలి. దీనికి మున్సిపల్ కౌన్సిల్ సమ్మతి తీర్మానం కావాలి. ఆ సమ్మతికి ముందు, కాలనీకి పోయే రోడ్డు మీద పక్కవాళ్లకు అబ్జెక్షన్ లేదని రాతపూర్వకంగా తేవాలి. రోడ్డు పోయేది పడుగులు చాపే జాగా మీదుగా. సాలెవాడ వాళ్లు కాదంటే రోడ్డును చెరువు వైపు నుంచి చుట్టు తిప్పాల్సి వచ్చేది. అంటే వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఒక్క 'కాదు' మాత్రమే.

ఓవర్సీర్ సాబ్ నన్ను పిలిచాడు. "కొమురయ్యా, సాలోళ్లు నీ మాట ఇంటరు. ఈ కాయితం తీస్కపోయి ముద్రలేయించుకొని రా."

"సాబ్, ఆడ వాళ్లు పడుగులు చాపుతరు."

"రోడ్డు అందరిదయ్యా. నీదీ గాదు, నాదీ గాదు."

"అయితె చాపుకోవచ్చా సాబ్?"

ఆయన అప్పటికే ఇంకో ఫైలు తెరిచాడు. "చెప్పిన గదా, అందరిదని."

మరునాడు పొద్దున్నే పోయాను. నర్సయ్య కుంచె పట్టుకొని పడుగు దువ్వుతున్నాడు. యాభై దాటిన మనిషి, వాడకు పెద్ద. కులం వేరైనా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు.

"ఏందల్లుడా, ఇయ్యాల గొలుసు లేదు? అమ్ముకొని కల్లు తాగినవా?"

"సర్కారు గొలుసు మామా. అమ్మితె అదే నా మెడకేస్తరు. గీడికెల్లి కాలనీ దాక రోడ్డు పడ్తాంది, గా ముచ్చట చెప్పనీకి వచ్చిన."

"ఎంత వెడల్పు?"

"నలభై ఫీట్లు."

"పొడుగు?"

"పద్నాలుగు గొలుసులు. నేనే పట్టిన. యాడ వంకర లేదు."

నర్సయ్య కుంచె ఆపాడు. రోడ్డు అంటే మీకూ నాకూ బండ్లు కనిపిస్తాయి. ఆయనకు కనిపించింది పడుగు. అంత పొడుగున గుండు లేకుండా, గుంత లేకుండా తిన్నగా ఉన్న నేల ఆయన పుట్టి చూడలేదు.

"పద్నాలుగు గొలుసులా! గట్లయితె నాలుగిండ్లోళ్లం ఒక్కపారే చాపుకోవచ్చు. ఇప్పుడైతె వంతు కోసం రోజూ కొట్లాటనాయె. ఏమే, ఇన్నవా?"

గంజి కుండతో వచ్చిన ఆయన భార్య లచ్చుమమ్మ నిలబడిపోయింది. "ఇన్న. ఆ తొవ్వల బండ్లు రావా?"

"పొద్దుగాల్నే ఎవడొస్తడే? ఆఫీసరోళ్లు ఎండెక్కినంక లేస్తరు." పక్కన పడుగు పట్టినవాళ్లంతా నవ్వారు.

లచ్చుమమ్మ నవ్వలేదు. "కాయితంల ఏం రాసిన్రో జర సదువు అల్లుడా."

చదవడం రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పది మంది చూస్తున్నారు. సర్కారు నౌకరీ నాది. పౌరుషం వచ్చింది. "నేను మిమ్ముల ముంచుతనా అత్తా? సాబ్‌ను అడిగే వచ్చిన. రోడ్డు అందరిదట. చాపుకోవచ్చు."

చాపుకోవచ్చు అన్న మాట సాబ్ అనలేదు. అది నేను కలిపింది.

నర్సయ్య గంజి వేలును ధోవతికి తుడుచుకొని మొదటి ముద్ర వేశాడు. ఎండ ఎక్కేలోపు పదకొండు ముద్రలూ పడ్డాయి. ఆ నెలలోనే కౌన్సిల్ సమ్మతి తీర్మానం చేసింది. కాలనీ వాళ్లు ఆఫీసులో లడ్డూలు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. తిన్నాను.

రోడ్డు పడింది. మొరం పోసి, రోలరు తిప్పి, అద్దంలా చేశారు. ఇళ్లు ఇంకా మొదలు కాలేదు. గుంజలు రోడ్డు అంచుకు జరుపుకొని, సాలెవాడ వాళ్లు ఒక్కసారే మూడేసి పడుగులు చాపారు. రెండు మూడు నెలలు నర్సయ్య నన్ను చూస్తే చాలు చేయి ఎత్తేవాడు. "నీ పుణ్యాన వంతుల లొల్లి పోయింది అల్లుడా" అనేవాడు.

తరువాత ఇళ్ల పని మొదలైంది. ఒక పొద్దున ప్లాట్ల హద్దులు చూపడానికి ఓవర్సీర్ సాబ్‌తో పోయాను. ఇటుకల లారీ ఒకటి పడుగు ముందు ఆగి హారన్ కొడుతోంది.

నర్సయ్య చేతులు జోడించాడు. "జర ఆగు బిడ్డా, అర్ధగంట. గంజి తడి మీదున్నది."

"అర్ధగంటల నాకు ఇంకో ట్రిప్పు పోతది తాతా. తియ్యుండ్రి."

డ్రైవరు చెడ్డవాడు కాదు. ఒక బీడీ కాలేదాకా ఆగాడు. ఇంతలో కాలనీ సెక్రటరీ వచ్చాడు. "ఇది మా పన్నుతో పడ్డ రోడ్డు. దీని మీద ఏదీ చాపొద్దని మీరు ముద్రలేసిన కాయితంలనే ఉన్నది. కొమురయ్యే గదా తెచ్చింది, అడుగుండ్రి."

నర్సయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఉందో లేదో నాకు తెలియదు మరి. ఆ ముక్కన్నా అనాల్సింది. అనలేదు.

తడి పడుగును ఇటు ఆరుగురు, అటు ఆరుగురు పట్టి లేపారు. రోడ్డు పక్కకు చేర్చేసరికి అది మోకులా అయిపోయింది. లచ్చుమమ్మ మధ్యాహ్నం దాకా కూర్చొని గోళ్లతో దారానికి దారం విడదీస్తూనే ఉంది. ఒక్క మూర కూడా విడలేదు.

వారం తిరగకుండా గుంజలు తీసేయమని ఆర్డర్ వచ్చింది. గడ్డపార నా చేతికే ఇచ్చారు. పోయి మొదటి గుంజ పక్కన నిలబడ్డాను.

నర్సయ్యే దగ్గరికి వచ్చాడు. "నువ్వే పీకు అల్లుడా. వేరేటోడైతె ఇరగ్గొడ్తడు. మా తాత పాతినయి."

ఒక్కొక్కటీ కదిల్చి కదిల్చి, విరగకుండా తీశాను. ఆయన వాటిని మోసుకుపోయి ఇంటి గోడకు చేర్చాడు.

ఆ తరువాత వాడలోపలి సందులో చాపి చూశారు. రెండు గొలుసులకే మలుపు. మలుపు తిరిగిన పడుగు ఒక పక్క బిగుస్తుంది, ఒక పక్క వదులవుతుంది. ఒక్కొక్క ఇల్లే మగ్గం ఆపి షోలాపూర్ మిల్లులకు పోయింది. నర్సయ్య ఆఖరున పోయాడు. నేను బస్సు దగ్గరికి పోయాను. తిడతాడనుకున్నాను. "ఫికర్ చెయ్యకు అల్లుడా. ఎవని పొట్ట వానిది" అన్నాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. అక్కడ మిల్లు దుమ్ము పడక, రెండేళ్లకే దవాఖానలో పోయాడని కబురొచ్చింది.

ఆ కాగితంలో ఏముందో ఎవరినైనా చదవమని అడిగి ఉండవచ్చు. అడగలేదు. భయం. ముప్పై ఆరేళ్ల వయసులో, ఆఫీసు అయ్యాక వయోజనుల బడికి పోయి పలక పట్టాను. కూడబలుక్కొని చదవడం వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. 1967లో రికార్డు రూములో ఆ ఫైలు తీశాను. ఓవర్సీర్ సాబ్ అప్పటికే నందికొండ దగ్గర నాగార్జునసాగర్ డ్యాం పనికి బదిలీ అయిపోయాడు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాను. నాలుగో కండిషన్: సదరు రోడ్డుపై గుంజలు పాతుట, నూలు ఆరవేయుట, పడుగులు చాపుట నిషేధము. పడుగులు అనే రాసి ఉంది. రాసినవాడికి అంతా తెలుసు. తెలియనిది తీసుకుపోయిన నాకూ, ముద్ర వేసిన వాళ్లకూ.

లచ్చుమమ్మ అప్పటికి షోలాపూర్ నుంచి తిరిగొచ్చి తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పోయి చెప్పాను. "అత్తా, ఆ దినం నాకు సదువు రాదు. ఏమున్నదో తెల్వకుంటనే తెచ్చిన."

"సర్కారు నౌకరోనికి సదువు రాదని ఎవలనుకుంటరు? తెలిసే ముంచినవనుకున్నం. మీ మామ సచ్చేదాక గదే అన్నడు. పాపం వాని నౌకరి గట్లాంటిది, పిల్లలున్నోడు, ఏం జేస్తడు అని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గీ ముచ్చట బస్సుకాడ చెప్పినా అయిపోవు గద అల్లుడా. నిన్ను మంచిగ యాది చేసుకుంట పోవునాయె."

ఆయన నన్ను క్షమించాడు. కానీ నేను చేయని తప్పుకు. చేసిన తప్పు ఆయనకు తెలియనే లేదు.

ఇరవై ఏళ్లు ఇంకా నౌకరీ చేశాను. అబద్ధమాడేవాణ్ణి జనం అనుమానిస్తారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవాణ్ణి నమ్ముతారు. అందుకని వాడు ఎక్కువ చెడు చేస్తాడు. ఈ కేసు నాకు నేర్పింది ఇదే. తరువాత ఏ గడపకు కాగితం పట్టుకుపోయినా ముందు గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. అర్థం కాని మాట దగ్గర ఆగి, ఇది నాకు తెలియదు, తెలిసినవాళ్లకు చూపించుకోండి అనేవాణ్ణి. పనులు ఆలస్యమయ్యేవి. కొన్ని అసలు కాలేదు. ఆఫీసులో తిట్లు తిన్నాను. నా మాట నమ్మి మళ్లీ ఎవరూ ఊరు విడిచిపోలేదు.