తమ్ముడి చుట్టూ నాగజెముడు

నా చిన్నప్పుడు ఇప్పటి ఫిలింనగర్ బంగళాల చోట బండలు, నాగజెముడు పొదలు మాత్రమే ఉండేవి. మాది షేక్‌పేట. తొమ్మిది నెలలకే జ్వరంతో పోయిన నా తమ్ముణ్ణి మా చెలక గట్టున పాతిపెట్టారు. నక్కలు, పశువులు రాకుండా మా తాత ఆ చోటు చుట్టూ నాగజెముడు మట్టలు నాటాడు. రెండేళ్లలో అది నా భుజాలంత ఎత్తు కంచె అయింది. అమ్మ రోజూ పనిలోకి దిగేముందు దాని పక్కన కాసేపు నిలబడేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. బండల అవతల పొదలకు దూదిలాంటి తెల్లపురుగు పట్టి ఉండేది. పుల్లతో నలిపితే చిక్కటి ఎరుపు వచ్చేది. పక్కింటి అక్కా నేనూ దాన్ని గోళ్లకు పూసుకునేవాళ్లం. అంతదూరం నడవడం ఎందుకని, ఒకనాడు పురుగు పట్టిన మట్ట తెచ్చి తమ్ముడి కంచెలో గుచ్చాను.

ఎండలు ముదిరేసరికి కంచె అంతా తెల్లబడింది. మట్టలు వడలి, ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒక పొద్దున వెళ్లి చూస్తే, గొడ్లు తొక్కి ఆ చోటు చదునైపోయి ఉంది. అమ్మ అక్కడే కూలబడింది.

"ఈ పురుగును ఎవలు తెచ్చిండ్రు?" అని అడిగింది.

నేను చేతులు వెనక్కి పెట్టుకోబోయాను. తాత నా గోళ్ల వంక చూశాడు.

"నేనే తెచ్చిన. సందులు పూడుద్దామని బండల కాడి మట్టలు పెట్టిన. చూసుకోలే" అన్నాడు.

అమ్మ ఆయనతో మాట మానేసింది. కంచం ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆయన తలవంచుకుని తినేవాడు. మూడోనాడు నేను ఉండబట్టలేక, అమ్మకు చెప్పేస్తానన్నాను.

"వద్దు బిడ్డా" అన్నాడు తాత. "పిలగాడు పోయినప్పటి సంది మీ అమ్మ కడుపుల కోపముంది. ఎవల్నీ అనలేదు. నన్నననియ్యి. నేను ముసలోణ్ణి, పడ్త. నువ్వు పడలేవు."

తర్వాత ఆయనొక్కడే రాళ్లు మోసుకొచ్చి గోడ పేర్చాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. పోయేదాకా అమ్మ ఆయనను మళ్లీ మామా అని పిలవలేదు.

నా పెళ్లయ్యాక గానీ అమ్మకు నిజం చెప్పలేకపోయాను.

"ఒక్కనాడన్న మంచిగ అన్నం పెట్టకపోతి" అంది అమ్మ.

నాకు డెబ్బై దాటాయి. ఎవరైనా ఊరికే నామీద విసుక్కుంటే, లోపల ఏ బాధ ఉందోనని ఆగుతాను. అది తాత నేర్పింది. తప్పు నాదైతే మాత్రం ఆ పూటే ఒప్పుకుంటాను. అది, ఆయన బతికుండగా అమ్మకు నేను చెప్పలేకపోయిన మాట నేర్పింది.