రెండో పేజీ

థర్మల్ ప్లాంటుకు పోయే హైవే మీద నాకు జిరాక్సు షాపు ఉండేది. పైన మా ఇల్లు. పక్కన ఒక పెద్దాయన పంక్చరు దుకాణం. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మామా అని పిలిచేదాన్ని. ఊరు కన్నడ సీమలోదైనా, ఆ దుకాణాల వరసలో అందరం తెలుగువాళ్లమే; కన్నడం చదవగలిగేది నేనొక్కదాన్నే. బ్యాంకు నోటీసు వచ్చినా, కరెంటు ఆఫీసు కాగితం వచ్చినా అందరూ నా దగ్గరికే వచ్చేవారు. ఆ పెద్దరికం నాకు కాస్త నెత్తికెక్కింది కూడా.

కరోనాకు దుకాణాలన్నీ మూయించిన కొన్నాళ్లకు కొత్త ఆర్డరు వచ్చింది. కన్నడంలో, రెండు పేజీలు. ఫోన్లోకి వస్తే ప్రింటు తీశాను. మొదటి పేజీలో మూసి ఉంచాల్సినవి. నా షాపు అందులో ఉంది. రెండో పేజీలో తెరుచుకోదగ్గవి. హైవే పక్కన లారీలు బాగుచేసే దుకాణాలు, పంక్చరు దుకాణాలు తెరవచ్చని స్పష్టంగా రాసి ఉంది. పోలీసులొచ్చినా ఆ కాగితం చూపించి షట్టరు ఎత్తే హక్కు మామకుంది.

ఆయన ముఖానికి తువ్వాలు కట్టుకొని గడప దగ్గరే నిలబడ్డాడు. "ఏం రాసిండ్రు బిడ్డా? నా దుకాణం సంగతేంది?"

"అన్నీ బందే మామా. అందరికీ ఒక్కటే రూలు," అన్నాను.

మొదటి పేజీని ఆయన షట్టరుకు నా చేత్తోనే అంటించాను. రెండోది మడిచి సొరుగులో పెట్టాను. ముసలి ప్రాణం, పోలీసులు కొడితే ఎట్లా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నా షట్టరు దించి ఉండగా పక్కన ఆయన గాలి మిషను డబడబ మోగుతుంటే నేను ఓర్చుకోలేను. కుళ్లు, అంతే.

ప్లాంటు మాత్రం ఆగలేదు. బూడిద ట్యాంకర్లు రోజూ తిరిగేవి. డ్రైవర్లు మామ దుకాణం ముందు ఆపి హారన్ కొట్టేవారు. వెనక గదిలోనే ఉండే ఆయన బయటికొచ్చి, నేనంటించిన కాగితం చూపించి, "నహీ భాయ్, బంద్ హై" అని చేతులు జోడించేవాడు. నేను మేడ మీద నుంచి చూసేదాన్ని.

ఒక పొద్దున ముదగల్ నుంచి ఎవరో వచ్చి ఆ గాలి మిషను కొనుక్కొని టెంపోలోకి ఎక్కిస్తున్నారు. అప్పుడైనా పరుగున దిగి చెప్పాల్సింది. చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతాడు. మేడ దిగలేదు. మామ మట్మారిలో కూతురింటికి చేరి కూలి పనికి పోవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు పింఛను కాగితాల జిరాక్సుకు వచ్చాడు. గోళ్లలో టైరు మసి లేదు, మట్టి ఉంది.

"ఆ దినం నువ్వు సదివి చెప్పినవు గనక బతికిన బిడ్డా. లేకుంటే ఈ వయసుల లాఠీ దెబ్బలకు ఆగుదునా?" అని నవ్వాడు.

సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఆ పేజీ ఇంకా అందులోనే ఉంది. తీసి ఆయన చేతిలో పెట్టి ఏడవాలనిపించింది. ధైర్యం చాలలేదు. కాగితాలు సరిచేసి పిన్ను కొట్టి ఇచ్చాను.

"పైలంగ పో మామా," అన్నాను.