శిలువ అనుకున్న తలుపు

అరవైల మొదట్లో నేను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబావుల ఊళ్లో తెలుగు పంతులుగా పనిచేసేవాణ్ని. మాది మెట్‌పల్లి వైపు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. ఆ కొద్దిపాటి ఇంగ్లీషే నన్ను ఒక ఇటలీ సినిమాకు అనువాదకుణ్ని చేసింది.

ఆఫీసర్ల క్లబ్బు కార్యదర్శి కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు. విదేశంలో ఏడాదిపాటు శిక్షణ పొంది వచ్చినప్పటి నుంచి ఆయనకు పేదరికం మీద అమితమైన అభిమానం ఏర్పడింది. మన సినిమాల్లో పేదవాడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడని, ఇటలీవాళ్లు మాత్రం వీధిలోంచి నిజమైన పేదవాళ్లను పిలుచుకొచ్చి కెమెరా ముందు నిలబెడతారని చెప్పేవాడు. హైదరాబాదు నుంచి రైల్లో రీళ్లు తెప్పించాడు. కార్మికుల కథ కనుక కార్మికులు కూడా చూడాలని పట్టుబట్టి పదిమందిని రమ్మన్నాడు. ఆఫీసర్లకు పేము కుర్చీలు, కార్మికులకు జంపఖానా, నాకు మైకు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలను నేను ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు నల్ల కంబళ్లు కట్టి ఆట మొదలుపెట్టారు. యుద్ధంలో కూలిపోయిన ఒక పట్నం. పని దొరకని తాపీ మేస్త్రీకి శిథిలాల్లో మంచి తలుపు ఒకటి కనిపిస్తుంది. ఇల్లు లేదు, తలుపు మాత్రం ఉంది. ఎక్కడైనా నాలుగు గోడలు దొరక్కపోతాయా అని దాన్ని వీపున వేసుకుని భార్యతో పట్నమంతా తిరుగుతాడు. చర్చిలో గంజి పోస్తారంటే పోయి మరో పన్నెండుమందితో పాటు బల్ల ముందు కూర్చుంటాడు. ముందు ప్రసంగం, తర్వాత గంజి. ప్రసంగం ముగిసేసరికి గంజి చల్లారిపోతుంది. చివరికి తలుపుతో ఒక గుట్ట ఎక్కుతూ మూడుసార్లు పడతాడు. సినిమా అక్కడితో ఆగిపోతుంది.

ముందు వరుసలో మా ఊరి చర్చి ఫాదరు కూర్చున్నాడు. ఆయన నొచ్చుకుంటాడేమోనని నేను అనువాదంలో కాస్త సొంత మాట కలిపాను. తెర మీది ఫాదరు ప్రార్థన కాకుండా గిన్నెలు ముట్టొద్దని గద్దిస్తే, నేను మైకులో ‘జర ఓపిక పట్టండి బిడ్డలారా, గంజి వేడిగా ఉంది’ అన్నాను. ఇంగ్లీషు వచ్చిన అసలు ఫాదరు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు.

దీపాలు వెలిగాక చర్చ మొదలైంది. కార్యదర్శి కళ్లు తుడుచుకుని, మనం చూసింది తలుపు కాదు, శిలువ అన్నాడు. ఏసు కూడా శిలువ మోస్తూ మూడుసార్లు పడ్డాడు కనుక దానికి సరిపోయిందన్నాడు డాక్టరు. ఏసు కడపటి విందులో మాదిరి బల్ల దగ్గర కూర్చున్న పదముగ్గురినీ లెక్కపెట్టింది తానొక్కడినేనని స్టోర్సు ఆఫీసరు సంబరపడ్డాడు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఎవరికి దొరికిన గుర్తును వాళ్లు తీసి చూపించారు. ఫాదరును అడిగితే, తనకు గంజి చల్లారిపోవడమే బాధ కలిగించిందన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇక కార్మికులను కూడా మాట్లాడమన్నారు. బావి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మేస్త్రీ ఒకడు లేచాడు. ఖానాపూర్ దిక్కువాడు, నలభై ఏళ్లుంటాయి.

“గా తలుపుకు బందులు లేవు సారు. గోడలు దొరికినా నిలవడది. గా మనిషి మొదలు బందులు దేవులాడుకోవాలె.”

మడతబందుల మాట వినగానే కుర్చీలన్నీ నవ్వాయి. పాపం, అతనికి గుర్తు అందలేదని కార్యదర్శి నాతో జాలిగా అన్నాడు.

మర్నాడు ఆ మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. దరఖాస్తు రాసిపెట్టమన్నాడు. కంపెనీ ఇచ్చిన అతని ఇంటికి తలుపు ఊడిపోయి రెండు వానాకాలాలు గడిచాయి. గోనెపట్టా కట్టుకుని ఉంటున్నారు. కుక్కలు లోపలికి దూరుతున్నాయి, భార్యకు నెలలు నిండుతున్నాయి. అడగడం ఇదివరకే రెండుసార్లు అయింది.

“దొర తలుపును చూసి ఏడ్సిండు గద సారు. గిప్పుడైతే వింటడు” అన్నాడు.

నాకూ అలాగే తోచింది. కార్మికుల ఇళ్ల మరమ్మతులు కూడా ఆ కార్యదర్శి కిందనే ఉండేవి. సినిమాను గుర్తుచేస్తూ ఒక వాక్యం చేర్చి, బాగా కుదిరిందని మురిసిపోయాను. వారంలో జవాబు వచ్చింది. ఉన్న చెక్క బావులకే చాలడం లేదు కనుక తలుపు మంజూరు చేయడం సాధ్యం కాదని ఉంది. కింద ఆయన సంతకమే.

ఆ నెలలోనే క్లబ్బుకు కొత్త తలుపులు బిగించారు. పాతవాటిని వెనక గోడకు ఆనించి ఎండకూ వానకూ వదిలేశారు. ఒకరోజు పొద్దటి షిఫ్టు దిగిన మేస్త్రీ వాటిలో ఒకదాన్ని వీపున ఎత్తుకుని, అందరూ చూస్తుండగా, తన ఇంటి వైపు ఎత్తు ఎక్కసాగాడు. జీపులో ఎదురొచ్చిన కార్యదర్శి ఆపించి కిందికి దిగాడు. తలుపు ఎవరిదని అడగలేదు. కెమెరా తీసి, ఇంకొంచెం వంగమన్నాడు. మేస్త్రీ వంగాడు. ఆ సాయంత్రం నాకు అదంతా వర్ణించి చెబుతున్నప్పుడు ఆయన మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

ఫొటోను క్లబ్బు గోడకు తగిలించారు. గుర్తులు పట్టడంలో ఆరితేరిన స్టోర్సు ఆఫీసరు తలుపు మీద రంగుతో వేసిన నంబరు పట్టేశాడు. కంపెనీ ఆస్తి దొంగిలించినట్టు మేస్త్రీకి కాగితం అందింది. సాక్ష్యం ఆ ఫొటో.

విచారణ చేసే అధికారికి తెలుగు రాదు. మళ్లీ నన్నే పిలిచారు. కార్యదర్శి పక్కనే కూర్చున్నాడు. తలుపు తీసుకుపోయావా అని అడిగితే మేస్త్రీ తడుముకోకుండా చెప్పాడు.

“తీస్కపోయిన. అడిగితె ఇయ్యలే. అవుతల పారేసిన్రు, తీస్కపోయిన.”

నాకు చెమటలు పట్టాయి. ఫొటో కోసం కార్యదర్శిగారే మోయమన్నారని చెబుతున్నాడు అని ఇంగ్లీషులో అన్నాను. జీవితంలో నేను తప్పుల్లేకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే.

అధికారి కార్యదర్శి వైపు తిరిగాడు. కాదంటే, దొంగను ఆపి మరికాస్త వంగమన్నందుకు సంజాయిషీ చెప్పుకోవాలి. కార్యదర్శి ఎర్రబడి, కాసేపు ఫొటోనే చూసి, అవును, కళ కోసం అన్నాడు. కాగితం చింపేశారు.

బయటికొచ్చాక మేస్త్రీ నేనేం చెప్పానని అడిగాడు. దాచకుండా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

“నేను దొంగతనం చెయ్యలే గద సారు, అబద్దమెందుకు?” అన్నాడు.

ఉన్నదున్నట్టు చెబితే నౌకరీ పోయేదన్నాను. అతను తల ఊపాడు గాని, నాకు దండం పెట్టకుండానే వెళ్లిపోయాడు. కోపం వచ్చింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక ఆ కోపం సిగ్గుగా మారింది. అతని ఇష్టం అడగకుండా అతని నిజాన్ని నేనే కొట్టేశాను.

తలుపు తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. క్లబ్బులో తర్వాత ఇంకో ఇటలీ సినిమా వేస్తే ముగ్గురు వచ్చారు. ఆ పైన పౌరాణికం వేస్తే కుర్చీలు చాలలేదు.

మేస్త్రీకి ఆడపిల్ల పుట్టిందని తెలిసి, రెండు వారాలకు చూడబోయాను. తలుపును జానెడు కోసి, కొలిమిలో బందులు చేయించి బిగించాడు. అది మూసి ఉంది. వాకిట్లో అతని తల్లి బియ్యం చెరుగుతోంది. కోడలు లోపల బిడ్డకు నీళ్లు పోస్తోందని చెప్పింది.

“జర కూసో సారు, తలుపు తీసేదాక” అంది.

అరుగు మీద కూర్చున్నాను.